ఫోలిక్ యాసిడ్ బిళ్ళ ముందే ఎందుకంటే

ప్రియమైన మురళీకి,

మొన్న ఫోన్లో సిగ్నల్ పోయి మాట మధ్యలోనే ఆగిపోయింది. నువ్వడిగింది రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా. శ్రావణి నెల తప్పకముందే డాక్టరమ్మ ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ బిళ్ళలు మొదలుపెట్టమందని, చెల్లెమ్మకు అది నచ్చలేదని అన్నావు. "ఏ జబ్బూ లేని పిల్లకు మందులెందుకు, వేడి చేయదూ?" అందట.

వేడి చేయదురా. వాడమని చెప్పు. బలం మందుల ప్రకటనలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుందని నీకు తెలుసు. కానీ ఈ ఒక్క బిళ్ళ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

బిడ్డ కడుపున పడ్డాక మెదడూ వెన్నుపామూ ముందు ఒక సన్నటి గొట్టంలా మొదలవుతాయి. ఆ గొట్టం 28 రోజులకల్లా మూసుకుపోవాలి. అప్పటికి తల్లికి నెలసరి తప్పి రెండు వారాలు అయి ఉంటుంది, అంతే. పరీక్ష చేయించుకుని, డాక్టరు దగ్గరికెళ్ళి, చీటీ పట్టుకుని మందులషాపుకు వెళ్ళేసరికి చాలామందికి ఆ గడువు దాటిపోతుంది. సరిగ్గా మూసుకోకపోతే బిడ్డ వెన్ను చీలికతో పుట్టవచ్చు, కాళ్ళు చచ్చుబడవచ్చు, మూత్రం మీద అదుపు ఉండకపోవచ్చు. అందుకే కనీసం ఒక నెల ముందు నుంచి వాడమంటారు.

ఇది ఊహ కాదు. 1991లో ఏడు దేశాల్లో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. అంతకుముందు అలాంటి బిడ్డను కన్న తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూస్తే, మళ్ళీ అదే జరిగే ముప్పు 72 శాతం తగ్గింది. తేడా అంత స్పష్టంగా కనబడ్డాక కొంతమంది తల్లులకు మందు ఇవ్వకుండా ఉంచడం న్యాయం కాదని పరీక్షను ముందే ఆపేశారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మనసు నిండిపోతుంది.

ఇందులో మనవాడి చెయ్యి ఉందని చెల్లెమ్మకు చెప్పు. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు ఈ విటమిన్ కోసం నాలుగు టన్నుల పాలకూర వడగడితే చేతికొచ్చింది రవ్వంత. దాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గి మనిషి క్షీణించిపోయే స్ప్రూ జబ్బుతో ఆయన అన్నదమ్ములు ఇద్దరు పోయారు. ఆ జబ్బుకే తర్వాత ఈ విటమిన్ మందయింది.

అక్కడితో అయిపోలేదు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బ్లడ్ క్యాన్సరున్న పిల్లలకు ఇదే జాతి మందులు ఇస్తే జబ్బు తగ్గకపోగా ముదిరింది. అయితే ఈ విటమిన్‌నే అడ్డుకునే మందు కావాలని ఆలోచించారు. సుబ్బారావుగారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో ఆ పిల్లల్లో కొందరికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. అదే ఏడు సుబ్బారావుగారు కన్నుమూశారు.

అందుకే "విటమినే కదా, ఎంత మింగితే ఏమవుతుంది" అంటే నేను ఒప్పుకోను. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్ళకు మేలు చేస్తుందని, క్యారెట్‌లో ఉండి ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్‌ను బిళ్ళలుగా ఇస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. క్యారెట్ తిన్నవాళ్ళకు జరిగింది కాదది, బిళ్ళతో జరిగింది.

కాబట్టి డోసు చూసుకోవాలి. షాపుల్లో తరచుగా దొరికేది 5 మిల్లీగ్రాముల బిళ్ళ. మామూలుగా కావలసింది రోజుకు 400 మైక్రోగ్రాములు, అంటే ఆ చిన్న బిళ్ళలో పన్నెండు రోజులకు సరిపడా ఉంటుంది. మూర్ఛ మందులు వాడేవాళ్ళకు, షుగరున్నవాళ్ళకు, ముందు కాన్పులో ఈ లోపం వచ్చినవాళ్ళకు డాక్టర్లు పెద్ద డోసు రాస్తారు. శ్రావణికి ఏది రాశారో, ఎందుకు రాశారో డాక్టరమ్మనే అడగమను. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

తిండి మానమని కాదు సుమా. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు, అన్నింట్లోనూ ఈ విటమిన్ ఉంది. కాకపోతే ఇది నీళ్ళలో కరిగిపోయే సరుకు. మీ ఇంట్లో తోటకూర ఉడికించి, ఆ పచ్చటి నీళ్ళు వార్చి సింకులో పోసి, ఆకు పిండి పోపు పెట్టడం చూశాను. ఆ నీళ్ళతోనే సగం పోతుందిరా! తక్కువ నీళ్ళలో మూతపెట్టి మగ్గించి, మిగిలిన నీళ్ళు పప్పులో కలిపెయ్యమను.

ఇక నీ సంగతి. ఏళ్ళ తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నావు, మాంసం ముట్టవు, ఈమధ్య పాలూ పెరుగూ కూడా తగ్గించావు. అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని నవ్వుతూ చెప్పావు. నాకు నవ్వు రాలేదు. షుగరు వల్లా కావచ్చు, బి12 అనే విటమిన్ తగ్గడం వల్లా కావచ్చు. మెట్‌ఫార్మిన్ ఎక్కువకాలం వాడితే బి12 ఒంటికి సరిగా పట్టదు. శ్రావణి బిళ్ళలు చూసి నువ్వూ ఓ రెండు వేసుకునేవు, ఆ పని మాత్రం చెయ్యకు. బి12 లేనివాడు ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా మింగితే రక్తం బాగుపడినట్టు కనబడుతుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి. ఈ వారంలోనే రక్తపరీక్ష చేయించుకో. రిపోర్టు రాగానే ఫొటో తీసి పంపు, ఆదివారం దాకా ఆగకు.

నీ
రాఘవ