ఎయ్‌క్యూని ఒక్క వాక్యంతో సరిపెడితే ఎట్టా?

సంపాదకులకు,

అయ్యా,

పోయిన ఆదివారం అనుబంధంలో జపాన్ ముద్రణ చిత్రాల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. హొకుసాయ్ గీసిన పెద్ద అల బొమ్మకు సగం పేజీ ఇచ్చారు, సంతోషం. జపాన్ కళాకారుడు ఎయ్‌క్యూకి మాత్రం ఒకే ఒక్క వాక్యం దక్కింది. అదీ 'మ్యాన్ రేని అనుకరించిన సర్రియలిస్టు ఫొటోగ్రాఫర్' అని (మ్యాన్ రే అంటే పారిస్‌లో పనిచేసిన అమెరికా కళాకారుడు; సర్రియలిస్టు అంటే కలల్లాంటి వింత బొమ్మలు చేసేవాడు). నెల్లూరు ట్రంకురోడ్డులో ఒక స్టూడియో డార్క్‌రూమ్‌లో, ఎర్ర బల్బు కింద వయసంతా గడిపినవాణ్ణి. ఆ మాట నాకు మింగుడు పడలేదు.

ఎయ్‌క్యూ అసలు పేరు సుగితా హిదెయో. 1911లో మియాజాకిలో కంటి డాక్టరు ఇంట్లో పుట్టాడు. 1936లో ఎయ్‌క్యూ అనే పేరుతో 'నిద్రకు కారణం' అని పది బొమ్మల సంపుటి తెచ్చాడు. వాటికి మూలమైన బొమ్మలకు కెమెరా అక్కర్లేదు. ఫొటో కాగితం మీద కత్తిరించిన కాగితపు ఆకారాలు పరిచి లైటు వేయడమే. వెలుగు తగిలిన చోట నలుపు, అడ్డు ఉన్న చోట తెలుపు.

మా స్టూడియోల్లో మిక్సింగ్ అనే పని ఉండేది, దీనికి దూరపు చుట్టం. బ్రోమైడ్ (ఫొటో ప్రింటు వేసే కాగితం) ప్యాకెట్లో వచ్చే నల్ల కాగితాన్ని లవ్ సింబల్ ఆకారంలో కత్తిరించి, అందులో పెళ్లికూతురి మొహం ఒకసారి, బయట పెళ్లికొడుకు ఒకసారి ఎక్స్‌పోజ్ చేసేవాళ్లం. కత్తెర కాస్త వణికినా డెవలపర్ ట్రేలో బయటపడేది. ఆ నల్ల కాగితాన్ని బ్రోమైడ్‌కి ఆనిస్తే అంచు పదునుగా వస్తుంది, వేలెడు పైకెత్తితే మెత్తబడుతుంది. మా మనవరాలు తెచ్చిన పుస్తకంలో ఎయ్‌క్యూ బొమ్మలు చూశాను. తెలుపుకీ నలుపుకీ మధ్య బూడిద రంగు ఎన్ని మెట్లో! ఒక్క ఎక్స్‌పోజర్‌తో అవి రావు. ఎంత చెయ్యి తిరిగినవాడో నాబోటివాడికి ఇట్టే తెలుస్తుంది.

మ్యాన్ రే పారిస్‌లో 1920లలోనే ఇట్లాంటివి చేసిన మాట నిజమే. అంతకు చాలా ముందు, 1830లలో ఇంగ్లండులో, ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన టాల్బట్ ఆకులూ లేసులూ పెట్టి చేశాడు. అప్పుడు మ్యాన్ రేని కూడా అనుకరించినవాడనే అనాలి గదా! ఈ ముద్ర ఎయ్‌క్యూని బతికున్నప్పుడే బాధపెట్టింది, ఇప్పుడు మన పేపర్లోనూ వేశారు.

పైగా కథ అక్కడితో ఆగలేదు. 1951లో ఒసాకాలో తోటివాళ్లతో కలిసి డెమొక్రాట్ కళాకారుల సంఘం పెట్టాడు. ఆ ఏడే టోక్యో పక్కన ఉరావాకి మారి ఎచింగ్‌లో, అంటే లోహపు రేకు మీద గీసి ఆమ్లంతో కొరికించి అచ్చు తీసే పనిలో పడ్డాడు. 300కు పైగా ఎచింగ్‌లు చేశాడు. 1956 నుంచి లిథోగ్రాఫులు (రాతి పలక మీద గీసి తీసే అచ్చులు) కూడా. కుర్రాళ్లు ఆయన దగ్గరికి వచ్చి నేర్చుకునేవాళ్లు. వాళ్లలో ఇకెదా మసువో 1966లో ఇటలీలో జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన వెనిస్ బియెన్నాలేలో ముద్రణ చిత్రాలకు అత్యున్నత బహుమతి కొట్టాడు. అది చూడటానికి గురువు లేడు, 1960లోనే 48 ఏళ్లకు పోయాడు. ఇంత పని చేసినవాణ్ణి వట్టి ఫొటోగ్రాఫర్ అంటే ఎట్టా?

వీలు చూసుకుని ఆయన మీద విడిగా ఒక వ్యాసం వేయండి. బొమ్మని మాత్రం మూడు వేళ్ల వెడల్పున కుదించకండి, న్యూస్‌ప్రింట్‌లో బూడిద రంగంతా నలుపులో కలిసిపోతుంది. కనీసం నాలుగు కాలమ్‌లు ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాత డార్క్‌రూమ్ ప్రింటర్,
స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు