గుడ్డు మీద చిటికి పని

డ్రెస్డెన్, జర్మనీ,
ఏప్రిల్ 7, 2026

బాపూ,

అమ్మ, తమ్ముడు, నువ్వు అంతా బాగున్నారనుకుంటా. మేం బాగున్నాం. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరం ఏంటని అనుకోకు. ఈ సంగతి వీడియో కాల్లో చెబితే "మంచిగుంది బిడ్డా" అని ఫోన్ అమ్మకు ఇచ్చేస్తావు. కాగితం మీదైతే రెండుసార్లు చదువుతావు.

మొన్న ఆదివారం ఇక్కడ ఈస్టర్. వీళ్లు కూడా పున్నమి చూసే పండుగ పెట్టుకుంటారు. మార్చి 21నో, ఆ తర్వాతో వచ్చే పున్నమి దాటాక వచ్చే మొదటి ఆదివారం. అందుకే మనకు గురువారం హనుమాన్ జయంతి అయితే, వీళ్లకు ఆ ఆదివారమే పండుగ అయింది. ముందు శుక్రవారం, తర్వాత సోమవారం కూడా సెలవే, దుకాణాలన్నీ బంద్.

మన వైపు ఈస్టర్ అంటే తెల్లారకముందే సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి చర్చికి పోవడమే నేను చూశాను. ఇక్కడ చర్చికి పోనివాళ్ల ఇండ్లల్లో కూడా గుడ్లకు రంగు పడాల్సిందే. పూర్వం పండుగ ముందు నలభై రోజుల ఉపవాసంలో మాంసంతో పాటు గుడ్లు కూడా ముట్టేవాళ్లు కాదట. మనం తినకపోతే కోళ్లు పెట్టడం మానవు కదా! అట్లా పోగుపడ్డ గుడ్లే పండుగనాటికి పంపకాలయ్యాయి.

మా కింది ఇంట్లో ఒక ముసలమ్మ ఉంటుందని చెప్పాను కదా, చిన్నోడికి బిస్కెట్లు చేసి ఇచ్చే ఆమె. ఈసారి వాణ్ణీ నన్నూ గురువారం పొద్దున్నే తన వంటింటికి పిలిచింది. పిల్లల కోసం ముందు తేలిక పని పెట్టింది. దాచిపెట్టిన ఉల్లిపొట్టు గిన్నెడు నీళ్లలో మరిగించింది. గుడ్డు మీద కొత్తిమీర లాంటి ఆకు ఒకటి తడిపి అతికించి, పాత నైలాన్ మేజోడు ముక్కలో బిగించి, వెనకాల దారంతో ముడేసి అందులో ఉడికించింది. విప్పితే గుడ్డంతా ఇటుక రంగు, ఆకు ఉన్నచోట మాత్రం తెల్లగా ఈనెలతో సహా ఆకు బొమ్మ. ముడి ఎంత గట్టిగా ఉంటే అంచు అంత శుభ్రంగా వస్తుందని ఆమె చెబుతుంటే నాకు నవ్వాగలేదు. నువ్వు చిటికి కట్టేటప్పుడు, అదే నేయకముందు నూలును అక్కడక్కడ బిగించి రంగు అద్దేటప్పుడు, ఈ మాట నీ దగ్గర ఎన్నిసార్లు వినలేదు!

ఎర్ర క్యాబేజీ ఉడికించిన నీళ్లలో వెనిగర్ పోసి గుడ్డు వేస్తే నీలం వస్తుంది, ఎరుపు కాదు. పసుపు నేను తీసుకుపోయాను. మంచి రంగే వచ్చింది కానీ, ఎండలో పెడితే వెలిసిపోతుందని నీకు వేరే చెప్పాలా? మొత్తానికి ఆ వంటిల్లు మన కాముని పున్నమికి మోదుగ పూలు ఉడికించిన వాకిలి లాగానే తయారైంది.

అసలు పని పిల్లలు బయటికి పోయాక మొదలైంది. ఆమె పుట్టింటివాళ్లు సోర్బులు. డ్రెస్డెన్‌కు తూర్పున బౌట్జెన్ అనే ఊరు ఉంది, ఆ చుట్టుపక్కల వాళ్ల పల్లెలు. మొత్తం కలిపి సుమారు 60 వేల మందే ఉంటారు, భాష కూడా వేరు, జర్మన్ కాదు. గుడ్ల మీద మైనంతో బొమ్మలు వేయడంలో వాళ్లకు పెద్ద పేరు.

బాపూ, ఈ పని నువ్వు చూడాల్సింది. పెద్ద బాతు ఈక కొనను బ్లేడుతో ముక్కోణంగా కోస్తారు. ఇంకో ఈకను పలకలుగా కోస్తారు. చుక్కలకు గుండుసూది తల. వంచిన చెంచాలో తేనెమైనం వేసి కొవ్వొత్తి మీద కరిగిస్తారు. ఈక ముంచడం, గుడ్డు మీద ఒక్క తాకు తాకించడం, మళ్లీ ముంచడం. ఒక్కో తాకుకు ఒక్కో ముక్కోణం. గీత గీసే మాటే లేదు. మైనం బాగా వేడిగా ఉంటే పెంకు మీద అద్దంలా అంటుకుంటుంది, చల్లబడితే తెల్లగా తేలిపోయి, దాని కిందికి రంగు దూరుతుంది. వరుసగా పేర్చిన ఆ ముక్కోణాలను తోడేలు పళ్లు అంటారట, చెడును రానివ్వవని నమ్మకం. మన చీరల అంచు మీద గుడి బొమ్మను పక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉన్నాయి.

తర్వాత గుడ్డును పసుపు రంగులో ముంచింది. తెల్లగా ఉండాల్సినవి మైనం కింద భద్రం. ఆరాక పసుపుగా ఉండాల్సినచోట మళ్లీ మైనం పెట్టి ఎరుపులో, ఆ తర్వాత నలుపులో. లేత రంగు ముందు, ముదురు రంగు చివర. నువ్వు ఒక రంగు అద్దాక కొన్ని చిటికిలు విప్పి, కొన్ని కొత్తగా కట్టి మళ్లీ తొట్టిలో వేస్తావే, అదే లెక్క. నీ దగ్గర రబ్బరు పట్టీ, ఈమె దగ్గర మైనం. ఒక్కటే తేడా, రంగు నీళ్లు చల్లగా ఉండాలి, లేకపోతే మైనం కరిగిపోతుంది. అందుకే వంటింటి రంగులు దీనికి పనికిరావు, చల్లటి నీళ్లలో పట్టే పొడి రంగులు కొనాలి.

అన్నీ అయ్యాక గుడ్డు నల్లగా, మైనం గడ్డలతో అసహ్యంగా ఉంటుంది. కొవ్వొత్తి మంటకు పక్కగా పట్టుకుని (మీద పెడితే మసి పడుతుంది) మెత్తటి గుడ్డతో తుడుస్తుంటే ఒక్కో వరుసా బయటపడింది. ఆరబెట్టిన పడుగు మీద చిటికిలు విప్పేటప్పుడు అమ్మా నేనూ పక్కన కూర్చుని చూసేవాళ్లం కదా, అంత ఆత్రం పుట్టింది నాకు.

వెనిగర్ ఎందుకని అడుగుతావని నాకు తెలుసు. గుడ్డు పెంకు మీద పలచటి పొర ఉంటుంది, అది ప్రోటీన్, పట్టు కూడా ప్రోటీనే. నువ్వు పట్టుకు రంగేసేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వేస్తావు చూడు, వెనిగర్‌లో ఉండేది అదే. ఎక్కువైతే పెంకు సున్నం కరిగి బుడగలొస్తాయి, రంగు మచ్చలు పడుతుంది. ఇంకో సంగతి, ఇక్కడ ప్రతి గుడ్డు మీదా నంబరు ముద్ర ఉంటుంది. మొదటి అంకె 0 అంటే సేంద్రియం, 1 అంటే బయట తిరిగే కోడి, 3 అంటే పంజరం కోడి. ఆ ముద్రను తుడవడానికీ వెనిగరే.

ఆమెకు తేలియా రుమాలు గురించి, అదే నూనె పట్టించిన నూలుతో నేసే మన చిటికి రుమాలు గురించి చెప్పాను. ఆముదం కాయల బూడిద, నూనె కలిపి నూలును రోజుల తరబడి నానబెట్టాకే రంగు వేస్తారంటే తలూపింది. నేయకముందే దారం మీద బొమ్మ ఉంటుందంటే మాత్రం నమ్మలేదు. కాగితం మీద పడుగూ పేకా గీసి చూపించినా "నేశాక అద్దుతారేమో" అంటుంది. కాబట్టి నీకు రెండు పనులు. చిటికి కడుతున్నప్పుడు, విప్పుతున్నప్పుడు తమ్ముడితో వీడియో తీయించి పంపు. ఇంకా నీ పాత గ్రాఫు పుస్తకంలో రుమాలు మూలకు వేసే ఏనుగు, చేప ఉన్నాయి కదా, వాటి ఫొటోలు కూడా. గడులు స్పష్టంగా కనబడాలి. గుడ్డు గుండ్రం కాబట్టి పెన్సిలుతో ఎనిమిది భాగాలు చేసుకుని వేయాలి, ఏనుగు ఎన్ని గడులకు కుదించినా ఏనుగులా ఉంటుందో నువ్వే చెప్పు. "ఇంక ఈ పని ఎవరికి కావాలి" అని మొదలుపెట్టకు, అడిగింది నేను.

అమ్మ మోకాలి నొప్పికి రాసిన మందు ఆపనివ్వకు. చిన్నోడు తాతకు ఆకు బొమ్మ గుడ్డు పంపుతానని ఏడుస్తున్నాడు. అది ఉడికించింది, ఫ్రిజ్‌లో పెట్టినా వారానికి మించి ఉంచకూడదు, రేపు వాడి చేతే తినిపిస్తా. మైనం గుడ్డు లోపలంతా ఊదేసిన ఉత్త పెంకే, దూదిలో చుట్టి వచ్చేటప్పుడు తెస్తా.

నీ బిడ్డ