ఏడు ఆటల స్కోరు పుస్తకం రాసిపెట్టిన వారికి కృతజ్ఞతలు

2022-23 రంజీ ట్రోఫీ క్రికెట్ సీజన్‌లో చూపు లేని మా నాన్నగారి పక్కన కూర్చుని, ఆయన కళ్లకు బదులుగా ఆటను చూసి, ఆయన చేతికి బదులుగా స్కోరు పుస్తకం రాసిపెట్టిన వారందరికీ మా కుటుంబం తరఫున నమస్కారాలు. మీలో ఇద్దరి పేర్లు మాత్రమే నాకు తెలుసు, వారిని అడగకుండా ఆ పేర్లు ఇక్కడ రాయడం మర్యాద కాదు. మిగిలినవారిని మాస్టారు గారు, ఆటో అన్న, టీ తెచ్చిన అమ్మ అని నాన్నగారు చెప్పే గుర్తులతోనే ఎరుగుదును. ఒక్కొక్కరి ఇంటికి వచ్చి చెప్పవలసిన మాటను అందరికీ కలిపి ఇలా చెప్పుకుంటున్నందుకు మన్నించండి.

నాన్నగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. హైదరాబాద్ జట్టు ఆటలు ఫతే మైదాన్‌లో జరిగే రోజుల నుంచి ఆయనకు స్కోరు రాసే అలవాటు ఉంది. పొడుగాటి రూళ్ల పుస్తకంలో స్కేలుతో గళ్లు గీసుకుని, పరుగు రాని బంతికి చుక్క పెట్టి, ఓవర్ మొత్తం పరుగు రాకపోతే ఆ ఆరు చుక్కలనూ కలిపి మెయిడెన్ ఓవర్‌కు గుర్తుగా ఇంగ్లీషు ఎం (M) అక్షరం చేసేవారు. 1986-87లో ఎం.వి. నరసింహారావు నాయకత్వంలో మన జట్టు ఢిల్లీలో ఢిల్లీ జట్టునే తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో దాటి రంజీ ట్రోఫీ గెలిచినప్పుడు, ఆట చూడడానికి వెళ్లే స్తోమతు లేక, పేపరులో వచ్చిన స్కోరు కార్డును చూసి పుస్తకంలోకి ఎక్కించుకున్నారు. 1937-38 తరువాత మనకు వచ్చిన ట్రోఫీ అదొక్కటే. 1999-2000లో లక్ష్మణ్ ఒక్క సీజన్‌లోనే 1415 పరుగులు చేసిన ఏడాదికి ఆయన వేరే పుస్తకమే కేటాయించారు.

మూడేళ్ల క్రితం నీటికాసులతో ఆయన చూపు పోయింది. ఒక కంటికి వెలుతురు ఉందో లేదో మాత్రం తెలుస్తుంది. మేము మందులు, ఆసుపత్రులు, మెట్ల దగ్గర పట్టుకునే కమ్మీ వంటివన్నీ చూసుకున్నాము కాని, మధ్యలో ఆగిపోయిన ఆ స్కోరు పుస్తకం గురించి ఎవరమూ ఆలోచించలేదు. ఆ సంగతి మీరు ఆలోచించారు.

2022 డిసెంబరు 13న తమిళనాడుతో ఆట మొదలైన ఉదయం, ఆయన పట్టుబట్టడంతో నేనే ఆయనను ఉప్పల్ స్టేడియానికి తీసుకువచ్చి, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా ఒడిలో పెట్టి, ఆఫీసులో సగం రోజు పని చూసుకుని వస్తానని చెప్పి వెళ్లాను. ఒక్కరినీ వదిలి వచ్చానన్న బెంగతో మధ్యాహ్నం తిరిగి వచ్చి చూసేసరికి ఆయనకు ఒక పక్కన ఒక విశ్రాంత ఉపాధ్యాయులు, మరో పక్కన ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థులు ఉన్నారు. మాస్టారు గారు బంతి బంతికీ ఏ చివర నుంచి ఎవరు వేస్తున్నారో, ఫీల్డర్లు ఎక్కడున్నారో చెబుతున్నారు. విద్యార్థులలో ఒకరు నాన్నగారి పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకుని, ఆయన చెప్పిన పద్ధతిలోనే చుక్కలు పెడుతున్నారు. "ఆ మూడు బంతుల తరువాత గీత కొంచెం పైకి తీయి బాబూ, అప్పుడే ఎం కుదురుతుంది" అని నాన్నగారు వేలితో గాలిలో గీసి చూపిస్తున్నారు. మూడేళ్లలో ఆయన ఒకరికి పని నేర్పుతుండగా నేను చూడడం అదే మొదటిసారి.

ఆ ఆట నాలుగవ రోజు సాయంత్రం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తన్మయ్ అగర్వాల్, మికిల్ జైస్వాల్ శతకాలతో మనవాళ్లు తొలి ఇన్నింగ్స్‌లో 395 చేస్తే, మొదటి రంజీ ఆట ఆడుతున్న సాయి సుదర్శన్ 179 పరుగులు చేయగా తమిళనాడు 4 వికెట్లకు 510 వద్ద డిక్లేర్ చేసింది. రెండో ఇన్నింగ్స్‌లో మనవాళ్లు 258కి ముగించడంతో వాళ్లకు 11 ఓవర్లలో 144 పరుగులు కావలసి వచ్చింది. అవి వచ్చేస్తాయనిపించేలా కొట్టారు. బంతి బంతికీ పరుగులు వస్తుండడంతో విద్యార్థి కలం వెనుకబడింది. అప్పుడు ఆటో అన్న, అంతవరకు మెట్ల మీద నిలబడి చూస్తున్నవాడు, వచ్చి ఒక్కో బంతినీ గట్టిగా అరిచి చెప్పడం మొదలుపెట్టాడు. మాస్టారు గారు దానిని మళ్లీ నెమ్మదిగా చెప్పేవారు, విద్యార్థి రాసేవారు. 7 ఓవర్లకు వికెట్ పోకుండా 108 వచ్చాయి. ఇంకా 4 ఓవర్లు, 36 పరుగులు ఉండగా వెలుతురు చాలక ఆట ఆపేశారు.

నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ఎంత మసకగా ఉంది బాబూ?" అని అడిగారు. "ఇక్కడి నుంచి బంతి కనబడడం లేదు తాతగారూ" అన్నారు విద్యార్థి. "అయితే ఆ మాట కూడా రాయి. కింద వెలుతురు లేదు అని రాసి, తేదీ వెయ్యి" అన్నారు. ఆ డ్రాతో వచ్చిన ఒక్క పాయింటే సీజన్ మొత్తానికి మన జట్టుకు మిగిలింది. మిగిలిన ఆరు ఆటలూ ఓడిపోయాము.

ఆ ఆరు ఓటములలోనూ మీరు మానకుండా వచ్చారు. అందుకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది. గెలుస్తున్న జట్టును చూడడానికి తోడు దొరకడం కష్టం కాదు. ఉప్పల్‌లో జరగని ఆటలకు సాయంత్రం ఆరు గంటలకు ఫోను చేసి, స్కోరు కార్డు మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివి వినిపించారు. ముంబయిలో రహానే 204, యశస్వి జైస్వాల్ 162, సర్ఫరాజ్ ఖాన్ 126 నాటౌట్ చేసి, ఆ జట్టు 6 వికెట్లకు 651 దగ్గర డిక్లేర్ చేసిన రోజు కూడా ఆ ఫోను వచ్చింది. మనవాళ్లు 214, 220 పరుగులకు ముగిసి ఇన్నింగ్స్ 217 పరుగుల తేడాతో ఓడినప్పుడు కూడా వచ్చింది.

సౌరాష్ట్ర మీద తొలి ఇన్నింగ్స్‌లో 79కే ఆలౌట్ అయిన రోజు నా మనసులో ఉన్నది ఒప్పుకోవాలి. స్కోరు నాకు ఫోనులో ముందే తెలిసింది. ఆయన ఆరోగ్యం తలచుకుని, ఆ పూట వివరాలు ఇంకా రాలేదని చెప్పేద్దామనుకున్నాను. అదే సాయంత్రం విద్యార్థి మా ఇంటికి వచ్చి, పుస్తకం తెరిచి, ఎవరు ఎంతకు ఎలా ఔటయ్యారో ఒక్కొక్కటిగా చదివి రాశారు. గొంతు తగ్గించలేదు, ఓదార్పు మాట కలపలేదు. అంతా విన్నాక నాన్నగారు 2010 నాటి పుస్తకం తీయమన్నారు. జైపూర్‌లో రాజస్థాన్ మీద మనవాళ్లు 21 పరుగులకే ఆలౌట్ అయి, తొలి ఆట ఆడుతున్న దీపక్ చాహర్‌కు 10 పరుగులకు 8 వికెట్లు ఇచ్చుకున్న పేజీ అది. ఆ పేజీని కూడా ఆయన తన చేత్తోనే, గళ్లు తప్పకుండా రాసుకున్నారు. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టించి, వాటి మీద అరచేయి ఆనించి కూర్చున్నారు. స్కోరు దాచిపెట్టి ఉంటే నేను ఆయనను ఎంత చిన్నబుచ్చి ఉండేదాన్నో అప్పుడు అర్థమైంది. ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు, మీకు నేను అన్నిటికంటే ఎక్కువగా రుణపడి ఉన్నాను.

జట్టు ఇలా ఎందుకు ఓడిందన్న చర్చ మీ అందరి మధ్యా ఎన్నోసార్లు నడిచిందని తెలుసు. హైదరాబాద్ క్రికెట్ సంఘం వ్యవహారాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతి అందరికీ తెలిసినదే కనుక ఇక్కడ దాని జోలికి పోను. నాన్నగారి అభిప్రాయం మాత్రం పుస్తకంలోనే ఉంది. అస్సాం మీద తొలి ఇన్నింగ్స్‌లో 205కు 208 చేసి మూడు పరుగుల ఆధిక్యం తెచ్చుకున్నవాళ్లం, రెండో ఇన్నింగ్స్‌లో రియాన్ పరాగ్‌ను 28 బంతుల్లో 78 కొట్టనిచ్చి, చివరకు 18 పరుగుల తేడాతో ఓడిపోయాము. "ఈ ఒక్క పేజీ చదివితే సీజన్ అంతా చదివినట్టే" అని ఆయన అంటారు. నాకు ఆట అంతగా తెలియదు కాని, ఆ పేజీని ఆయన నాతో నాలుగుసార్లు చదివించుకున్నారు.

మాస్టారు గారికి: మీరు రోజూ బస్సు మారి వచ్చేవారని ఆలస్యంగా తెలిసింది. విద్యార్థులిద్దరికీ: పరీక్షలు దగ్గర పడుతున్నా మీరు వంతులు వేసుకుని వచ్చారు. మీ దస్తూరి ఇప్పుడు నాన్నగారి దస్తూరి పక్కన ఆ అలమరలో శాశ్వతంగా ఉంటుంది. ఆటో అన్నకు: ఇంటికి దింపిన ప్రతిసారీ మీటరు మీద పైసా తీసుకోలేదు, "పెద్దాయన మా స్టాండు మనిషి" అన్నారు. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసి ఇచ్చిన సెక్యూరిటీ సిబ్బందికి కూడా నమస్కారాలు.

ఏడు ఆటల పేజీలనూ జిరాక్స్ తీయించి నాలుగు ప్రతులు బైండు చేయించాను. మీకు వీలైన ఆదివారం ఇంటికి వచ్చి, భోజనం చేసి, వాటిని తీసుకువెళ్లాలని మా అమ్మ కోరిక. తరువాతి 2023-24 సీజన్‌కు మన జట్టు ప్లేట్ గ్రూపులోకి, అంటే కింది స్థాయి జట్లు ఆడే గ్రూపులోకి, దిగింది. ఆ గ్రూపు ఆటలకు కూడా అవే గళ్లు సరిపోతాయా అని నాన్నగారు అడిగారు. సరిపోతాయని చెప్పి కొత్త పుస్తకం కొన్నాను. గళ్లు గీయడం నాకు చేతకావడం లేదు, విద్యార్థులు వచ్చినప్పుడు మొదటి పది పేజీలైనా గీసి ఇవ్వగలరు.

చివరగా, డిసెంబరు 16 సాయంత్రం చలిగా ఉందని ఫ్లాస్కులో నుంచి నాన్నగారికి టీ పోసి ఇచ్చిన అమ్మగారికి. మీరు ఎవరో మాలో ఎవరికీ తెలియదు. ఆట ఆగిపోయిన హడావిడిలో మీ స్టీలు గ్లాసు నాన్నగారి సంచిలోనే ఉండిపోయి మా ఇంటికి వచ్చింది. దాని మీద ఒక పేరు చెక్కి ఉంది. మీకు ఈ మాట చేరితే, ఆ పేరు ఏమిటో మాస్టారు గారికి గాని ఆటో అన్నకు గాని చెప్పండి, గ్లాసు నేనే తెచ్చి ఇస్తాను.