ఆలిస్ స్ప్రింగ్స్‌కి బయల్దేరే ముందు

ఒరేయ్ శీనూ,

ఆస్ట్రేలియా నడిమధ్య ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో అబోరిజినల్ వాళ్ల (అక్కడి ఆదివాసుల) సివిల్ కేసులు చూసే ఉద్యోగంలో చేరుతున్నావని తెలిసి ఎంత సంతోషమేసిందో! ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే తీరిగ్గా రాస్తున్నా. అక్కడ చాలా కేసులు సెక్షన్ల దాకా రాకుండానే పాడవుతాయి. ఒక పేరు తప్పు రాశామనో, ఒక ప్రశ్న తప్పు అడిగామనో.

ముందు పేర్ల సంగతి విను. మధ్య ఆస్ట్రేలియాలో చాలాచోట్ల ఎవరైనా చనిపోతే ఆ పేరు చాలాకాలం పలకరు. అదే పేరున్న బతికున్నవాళ్లని కూడా కొంతకాలం ‘కుమన్‌జాయి’ లాంటి బదులు పేరుతో పిలుస్తారు. దాంతో ఒకే మనిషికి బ్యాంకులో ఒక పేరు, సెంటర్‌లింక్‌లో (ప్రభుత్వ భృతులు ఇచ్చే ఆఫీసు) ఇంకో పేరు, క్లినిక్ కాగితంలో మూడో స్పెల్లింగు ఉంటాయి. పెద్దవాళ్ల పుట్టినతేదీ జూలై 1 అని కనిపిస్తే అది ఎవరో అధికారి వేసిన తేదీ కావచ్చు. మొదటి రోజే ఒక పేజీ నిండా పేర్లూ తేదీలూ అన్నీ రాసుకో. అవతలి పక్షం కూడా మీ ఆఫీసు క్లయింటేనా అని వెతికేటప్పుడు ఆ పేర్లన్నిటితోనూ వెతుకు. ఊరంతా చుట్టాలే కదా, కథంతా విన్నాక ఈ సంగతి బయటపడితే ఇద్దర్నీ వదులుకోవాల్సి రావచ్చు. గుర్తింపు కాగితం లేదని బ్యాంకు తిప్పి పంపిందా, ఊరిపెద్ద లాంటివాళ్లు రాసిచ్చిన ఉత్తరం కూడా తీసుకోవచ్చని ఆస్ట్రాక్ (బ్యాంకుల గుర్తింపు తనిఖీల్ని చూసే ప్రభుత్వ సంస్థ) మార్గదర్శకాల్లో ఉంది, అది ముందు పెట్టు.

చుట్టరికాల్లో మనకి కొంచెం వీలుంది. మనం పెద్దమ్మ, చిన్నమ్మ అంటాం. వాళ్లకి అమ్మ అక్కచెల్లెళ్లు నేరుగా అమ్మలే. ‘మీ అమ్మ ఎవరు’ అన్నాక ‘నిన్ను కన్నది ఎవరు’ అని కూడా అడుగు. చనిపోయినవాళ్ల సూపర్ డబ్బు (మన పీఎఫ్ లాంటిది) అడిగే ఫారంలో ఈ తేడా తేలకపోతే ఫండ్ వాళ్లు మళ్లీ మళ్లీ వివరణలు అడుగుతూనే ఉంటారు.

‘నోటీసు రాలేదా?’ అంటే మనం ‘అవును, రాలేదు’ అంటాం. అక్కడ కూడా చాలామంది అలాగే అంటారు. ఇంగ్లీషు చెవి ఆ ‘యెస్’ విని నోటీసు వచ్చిందని రాసేస్తుంది. పైగా మర్యాద కోసమో, మాట త్వరగా తెమలాలనో దేనికైనా అవుననేస్తారు. కాబట్టి ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అని అడిగి ఊరుకో. ఆ నిశ్శబ్దాన్ని నువ్వు పూరించకు. అబోరిజినల్ ఇంటర్‌ప్రెటర్ సర్వీస్‌లో దుబాసీని బుక్ చేసేటప్పుడు అరెర్న్టా, వార్ల్‌పిరి అని భాష ఒక్కటే చెబితే చాలదు, క్లయింటుతో ఆ మనిషికి వరసేంటో కూడా కనుక్కోవాలి. అల్లుడూ అత్తా ఒకరితో ఒకరు మాట్లాడకూడదు.

ఇళ్ల కేసులు బోలెడు వస్తాయి. సాంటా తెరెసా కేసు కంఠతా పట్టు. ఆలిస్‌కి 80 కిలోమీటర్ల దూరంలో ఊరు, 2016లో 70 కుటుంబాలు ప్రభుత్వ హౌసింగ్ మీద కేసేశాయి. ఒకావిడ ఇంటికి 68 నెలలు వెనక తలుపే లేదు. ట్రైబ్యునల్ దానికి ఇచ్చింది 100 డాలర్లు! చివరికి 2023 నవంబరులో హైకోర్టు (అక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు) ఇంటి యజమాని మాట తప్పితే కలిగే మనోవేదనకీ పరిహారం ఉంటుందని తేల్చింది, ఆవిడకి 10,200 డాలర్లు నిలబడ్డాయి. ఇలాంటి కేసు గెలవాలంటే తేదీలు కావాలి. రిపేరు ఎప్పుడు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఆ ఫిర్యాదుకి జాబ్ నంబరు ఇచ్చారా, ఫోటో ఉందా? అద్దె ఖాతా ముందే తెప్పించుకో, ఎందుకంటే బాకీ ఉందంటూ ఎదురు కేసు వస్తుంది.

ఫోన్ ప్లాన్ల బాకీల్లో అసలు దరఖాస్తు తెప్పించి ఉద్యోగం గడి చూడు. టెల్‌స్ట్రా అనే పెద్ద ఫోన్ కంపెనీ మీద 2021లో 5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. 5 దుకాణాల్లో 108 మంది అబోరిజినల్ కస్టమర్లకి కట్టలేని ప్లాన్లు అంటగట్టారు. కొందరికి ఉద్యోగం లేకపోయినా ఉందని క్రెడిట్ తనిఖీలో రాశారు. సంతకం ఉంది కదా అని ఎప్పుడూ వదిలేయకు.

సెంటర్‌లింక్ డబ్బు ఆగితే 13 వారాల్లోపు రివ్యూ అడగాలి, దాటితే పాత బకాయి మొత్తం వెనక్కి రాకపోవచ్చు. అన్యాయంగా ఉద్యోగం తీసేస్తే ఫెయిర్ వర్క్ కమిషన్‌కి (ఉద్యోగ వివాదాలు తేల్చే సంస్థ) దరఖాస్తు పెట్టడానికి 21 రోజులే. ఈ రెండూ మొదటి మాటల్లోనే అడిగెయ్.

ఊళ్లకి వెళ్లాలంటే సెంట్రల్ ల్యాండ్ కౌన్సిల్ (అబోరిజినల్ భూముల వ్యవహారాలు చూసే సంస్థ) పర్మిట్ ఎక్కడెక్కడ కావాలో ముందే చూసుకో. ఎవరైనా చనిపోతే జరిగే సంతాప కార్యక్రమాల్ని ‘సారీ బిజినెస్’ అంటారు, ఊరంతా అందులోనే ఉంటుంది. ఆ వారం వెళ్లి సంతకాలు అడగొద్దు. కోర్టు వాయిదా ఉంటే నువ్వే ముందుగా రాసి మార్పించు. ఫోన్ నంబర్లు నిలవవు, అందుకని క్లినిక్, దుకాణం, ఆర్ట్ సెంటర్, క్లయింటు అక్క ఇల్లు ఇలా నాలుగు చోట్లు రాసుకో. అయితే అక్కడ ఎవరికీ కేసు సంగతి చెప్పకు, ‘ఫోన్ చెయ్యమన్నారు’ అంటే చాలు. ఫారాలు అచ్చు వేయించి పట్టుకెళ్లు, సిగ్నల్ ఉండదు.

ఎప్పుడు చేరుతున్నావో రాయి. మొదటిసారి కలిసినప్పుడు అడగాల్సిన ప్రశ్నల పేజీ ఒకటి పంపిస్తాను, నీ క్లయింట్లకి తగ్గట్టు మార్చుకో.

నీ
మూర్తి