పాత ఆర్ఎక్స్ ట్యాంకు గీకే ముందు

సంపాదకులు గారికి,

యమహా ఆర్ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది 1996లో. బండి మీద మోజు మాత్రం మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంకా ఆగలేదు. ఇంజను పని మెకానిక్‌కి అప్పగించి, రంగూ స్టిక్కర్లూ ఇంట్లోనే చేసుకుందామనుకునే కుర్రాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. మంచిదే. ఈ బండికి రంగు పడేది ప్రధానంగా ట్యాంకుకీ, రెండు సైడ్ ప్యానెళ్లకీ. అంతా కలిపినా చదరపు మీటరు ఉండదు, డాబా మీద చేసుకోగలిగిన పనే. అయితే రెండు స్ప్రే డబ్బాలు, ఒక ఆదివారం చాలునని వీడియోల్లో చూపించే పద్ధతిలో చేసిన ట్యాంకులు ఆర్నెల్లు తిరక్కుండానే మూత చుట్టూ రంగు మెత్తబడి, స్టిక్కరు అంచులు లేచి పెయింటర్ల దగ్గరికి వస్తున్నాయి. అప్పటికి పాత రంగు ఎలాగూ పోయి ఉంటుంది. తేడా ఎక్కడ వస్తోందో మీ పత్రిక ద్వారా చెప్పాలని ఈ ఉత్తరం.

అసలు గీకాలా వద్దా అన్నది మొదట తేల్చుకోవాలి. కంపెనీ రంగు వెలిసిందే తప్ప పెచ్చులూడకపోతే దాన్ని ముట్టుకోకపోవడమే నయం. షాంపూ నీళ్లతో కడిగి, ఆరాక మెత్తటి గుడ్డతో సన్న రకం పాలిషింగ్ కాంపౌండ్ పెట్టి, కనపడని మూల అరచేయంత మేర రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటుకుంటే పైన క్లియర్ (రంగు మీద కొట్టే పారదర్శక పూత) లేనట్టు, అక్కడితో చెయ్యి తేలిక చేయాలి. స్టిక్కరు అంచుల మీదుగా మెషిన్ బఫ్ పోనివ్వకండి, అంచు లేచిపోతుంది. గీతలున్నా సరే, అసలు రంగూ అసలు స్టిక్కరూ ఉన్న ట్యాంకుకు తెలిసినవాళ్లు ఇచ్చే విలువ వేరు. కొత్త రంగు ఎప్పుడైనా వేయొచ్చు, పాతది మళ్లీ రాదు.

రంగు వేయక తప్పదనుకుంటే, వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టుకునే ముందు ట్రేసింగ్ పేపర్ పట్టుకోండి. ట్యాంకు మీద పరిచి స్టిక్కరు ఆకారం గీయాలి. పెట్రోలు మూత మధ్య నుంచి, కింది అతుకు నుంచి, ముందు అంచు నుంచి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో దాని మీదే రాసుకోవాలి. పక్కన స్కేలు పెట్టి, కెమెరాను ఎదురుగా నిటారుగా ఉంచి ఫొటో తీయాలి. కుడి, ఎడమ రెండూ విడివిడిగా కొలవాలి. స్టిక్కర్లు చేత్తో అంటించినవి కాబట్టి రెండు పక్కలా కొలతలు ఒకేలా ఉంటాయన్న భరోసా లేదు. బజార్లో దొరికే సెట్లలో అక్షరాల మధ్య ఎడం, గీత మందం తప్పుగా ఉన్నవే ఎక్కువ. మీ కొలత చేతిలో ఉంటే కొనేముందే పోల్చుకోవచ్చు, లేదా కొలతకే కట్ చేయించుకోవచ్చు. తర్వాత హెయిర్ డ్రయ్యరుతో వేడి చేస్తూ, వాలుగా, నెమ్మదిగా పీకండి. రంగు కలిపించడానికి శాంపిల్ స్టిక్కరు కిందినుంచో, సీటు కింద దాగే ట్యాంకు వెనక భాగం నుంచో ఇవ్వాలి. పైభాగం ఎండకు వెలిసిపోయి ఉంటుంది. ముఖ్యంగా ఎరుపు. దాన్ని చూపిస్తే షాపువాడు వెలిసిన ఎరుపే కలిపిస్తాడు.

ఇక అసలు కిటుకు, థిన్నరు, అంటే రంగును పలుచబరిచే ద్రావకం. షాపులో దొరికే మామూలు ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) రంగు, ఒకే డబ్బాలో వచ్చే స్ప్రే రంగు, రెండూ పెట్రోలు తగిలితే మెత్తబడతాయి. అవి గాలికి థిన్నరు ఆవిరై ఎండేవి, మళ్లీ ద్రావకం తగిలితే మళ్లీ కరుగుతాయి. హార్డెనర్ కలిపే పి.యు. (పాలియూరిథేన్) రంగు అలా కాదు, రసాయనికంగా గట్టిపడుతుంది. ట్యాంకుకు పై పూత తప్పనిసరిగా హార్డెనర్ కలిపే క్లియరే కావాలి, అందులో బేరం లేదు. పాత రంగు ఏ రకమో తెలియాలంటే దూదిని ఎన్.సి. థిన్నరులో ముంచి మూలన అర నిమిషం అదిమి పట్టండి. జిగురుగా ఊడివస్తే ఎన్.సి. లాంటిదని అర్థం. దాని మీద నేరుగా పి.యు. కొడితే కింది పొర ఉబ్బి ముడతలు పడుతుంది. లోహం కనపడేదాకా తీసేయాల్సిందే.

ట్యాంకు లోపలి తుప్పు సంగతి రంగుకు ముందే చూడాలి, తర్వాత చూస్తే తుప్పు తీసే పులుపు నీళ్లు కారి కొత్త రంగును పాడుచేస్తాయి. పెట్రోలు పూర్తిగా తీసి, డిటర్జెంటు నీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు చొప్పున కలిపి నిండా పోసి, రాత్రంతా ఉంచండి. మర్నాడు పారబోసి వంట సోడా నీళ్లతో, ఆపై మంచినీళ్లతో కడిగి, వెంటనే ఎండలో గాలి పోయేలా ఆరబెట్టాలి. తడి ఉంటే గంటల్లోనే మళ్లీ ఎర్రగా తేలుతుంది. అడుగు అతుకు దగ్గర సూదిబెజ్జం ఉంటే లప్పంతో మూయకండి. అది ట్యాంకులకు మాట్లు వేసేవారి పని. ఖాళీ ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం, దాని దగ్గర నిప్పు తగలనివ్వకూడదు.

రంగు తీసే జెల్లీ ట్యాంకుకే పరిమితం. సైడ్ ప్యానెళ్లు ప్లాస్టిక్, జెల్లీ గానీ ఎన్.సి. థిన్నరు గానీ తగిలితే వెంట్రుక మందం పగుళ్లు వస్తాయి. వాటిని 320, 400 నంబరు వాటర్ పేపర్లతో తడిపి రుద్ది, ప్లాస్టిక్ ప్రైమర్ ఒక పలుచటి పూత వేసి, ఆపై మామూలు ప్రైమర్ వేయాలి. ప్లాస్టిక్ ప్రైమర్ ఎగ్గొడితే, ప్యానెల్ బిగించేటప్పుడు కాస్త వంగగానే రంగు రేకులా ఊడుతుంది.

సొట్టలకు పాలియెస్టర్ లప్పం 100 గ్రాములకు హార్డెనర్ సుమారు 2 గ్రాములు. త్వరగా గట్టిపడుతుందని ఎక్కువ కలిపితే, మిగిలిన హార్డెనర్ నెలల తర్వాత పై రంగులోకి ఊరి మచ్చ కడుతుంది. మందం 3 మిల్లీమీటర్లు దాటకూడదు. లోతైన సొట్టను ముందు తట్టి పైకి తెప్పించాలి. లప్పాన్ని 120, తర్వాత 220 కాగితంతో పొడిగానే రుద్దండి. ఇంటి పనుల్లో జరిగే పెద్ద తప్పు లప్పం మీద నీళ్లు పోయడం. అది నీరు పీలుస్తుంది, మొదటి వేసవిలోనే రంగు కింద బుడగలై బయటపడుతుంది. తడి రుద్దుడు ప్రైమర్ వేశాకే. ప్రైమర్ రెండు పూతలు వేసి, పైన నల్ల రంగు పొగలా పలుచగా చల్లి, 600తో రుద్దితే, నలుపు మిగిలిన చోటే పల్లం. వేళ్లకు తెలియనిది కంటికి తెలుస్తుంది.

సరుకు ఎంత అంటే, హార్డెనర్, థిన్నరు కలిపాక ప్రైమర్ పావు లీటరు, బేస్ కోటు (క్లియర్ కింద పడే అసలు రంగు) 300 మిల్లీలీటర్లు, క్లియర్ 400 మిల్లీలీటర్లు. స్ప్రే గన్ నుంచి బయటికొచ్చిన దాంట్లో సగానికి పైగా గాల్లోనే పోతుంది, ఆ లెక్క ఇందులోనే ఉంది. గన్ నాజిల్ 1.3 లేదా 1.4 మిల్లీమీటర్లు, గాలి 2 బార్ దరిదాపు, దూరం జానెడు కంటే కాస్త తక్కువ, ప్రతి చార ముందు చారను సగం కప్పాలి. పూతకూ పూతకూ మధ్య 10 నిమిషాలు. మోకాలు ఆనే పల్లంలోనూ కింది అంచులోనూ రంగు కారుతుంది, అక్కడ చెయ్యి ఆగకూడదు. బేస్ వేసే ముందు గ్రీజు తీసే ద్రావకంతో ఒక గుడ్డతో తుడిచి, మరో పొడి గుడ్డతో అద్దాలి. కిరోసిన్‌తో తుడవకండి, జిడ్డు మిగులుతుంది. ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్లోనే టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలిపి నడిపే బండైతే, ట్యాంకు నుంచి తీసిన పెట్రోలుతో తుడిచినా అంతే. తలకు రాసుకున్న కొబ్బరి నూనె చేతికంటి, ఆ చెయ్యి ట్యాంకుకు తగిలినా చాలు, రంగు అక్కడ గుంటలు గుంటలుగా విడిపోతుంది.

కాలం కూడా చూసుకోవాలి. వానాకాలంలో, అందులోనూ కాకినాడ, విశాఖ వైపు ఉక్కపోతలో, థిన్నరు ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాల్లోని తేమ దాని మీద చేరి రంగు తెల్లగా పాలిపోతుంది. హార్డెనర్‌కూ తేమ పడదు. మూత తీసిన డబ్బా కొన్ని వారాలకే లోపల గట్టిపడొచ్చు. మే నెల ఎండలో కొడితే రంగు గాల్లోనే సగం ఎండి నారింజ తొక్కలా దిగుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు విడిచాక పొద్దున 10 గంటల ప్రాంతం అన్నిటికంటే అనువు.

పి.యు. హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. గుడ్డ మాస్కు దానికి చాలదు, వాసన తెలియకపోయినా ఊపిరితిత్తులకు పోతుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తర్వాత కొద్దిగా పీల్చినా ఉబ్బసంలా పట్టుకుంటుంది. అపార్టుమెంటు బాల్కనీలో, పిల్లలున్న ఇంట్లో ఆ పని వద్దు. బేస్ కోటు, స్టిక్కర్ల దాకా ఇంట్లో చేసుకుని, క్లియర్, పి.యు. హార్డెనర్ కలిపే ప్రైమర్ మాత్రం స్ప్రే బూత్, సరైన మాస్కు ఉన్న పెయింటరు చేత కొట్టించుకోవడమే తెలివైన పని. విజయవాడ ఆటోనగర్‌లో గానీ మరెక్కడైనా గానీ ముందే రోజు మాట్లాడుకోండి. చాలా రకాల బేస్ మీద 24 గంటల్లోపు క్లియర్ పడాలి, డబ్బా మీద రాసిన గడువు దాటితే పొర పట్టదు.

స్టిక్కర్లు క్లియర్ కిందా, పైనా? ట్యాంకుకు కిందే. పెట్రోలు అంచులోకి దిగదు. సైడ్ ప్యానెళ్లకు పైనే మేలు. అవి ఎలాగూ కొన్నాళ్లకు చెవులు విరిగి మారతాయి. ఈ రెంటికీ అంటించే పద్ధతి వేరు, అదెవరూ చెప్పడం లేదు. క్లియర్ మీద అంటించేటప్పుడు లీటరు నీటిలో రెండు మూడు చుక్కల షాంపూ వేసి చల్లుకుని, స్టిక్కరును జరిపి సర్దుకుని, మధ్య నుంచి అంచులకు నీరు తోసేయొచ్చు. కొత్త క్లియర్ కనీసం వారం ఆరాక మాత్రమే. లేకపోతే లోపలి నుంచి వచ్చే ఆవిరి స్టిక్కరు కింద బుడగలు కడుతుంది. క్లియర్ కింద పెట్టే స్టిక్కరుకు మాత్రం సబ్బు నీళ్లు తగలకూడదు. ఆరిపోయినట్టు కనిపించినా సబ్బు అంచుల్లో ఉండిపోయి, క్లియర్ అక్కడ పట్టదు. ట్రేసింగ్ పేపర్ మీది కొలతల ప్రకారం మాస్కింగ్ టేపుతో గుర్తులు పెట్టుకుని, ఒక చివర మాత్రం పొర తీసి, పొడిగా, నెమ్మదిగా దించాలి. వంపు దగ్గర హెయిర్ డ్రయ్యరు వేడి చాలు, లాగకండి. లాగి అతికించినది తర్వాత వెనక్కి ముడుచుకుంటుంది.

స్టిక్కరు పదార్థం కూడా అడిగి కొనాలి. కాస్ట్ వినైల్ 50 మైక్రాన్ల మందం, వంపులకు ఒదుగుతుంది. చవకది కేలండర్డ్ రకం, 80 నుంచి 100 మైక్రాన్లు, ఎండకు కుంచించుకుపోయి చుట్టూ జిగురు గీత మిగులుస్తుంది. ఏ రకమో ప్యాకెట్ మీద రాయని అమ్మకందార్లే ఎక్కువ. ఆ ఒక్క మాట ముద్రిస్తే వాళ్ల సొమ్మేం పోదు. డిజిటల్ ప్రింట్ అయితే సిరాలోని ద్రావకం పోవడానికి రెండు రోజులు విడిగా ఉంచాలి. నిగనిగలాడే లామినేషన్ ఉన్నదాని మీద క్లియర్ సరిగా పట్టదు. ఒకటి అదనంగా కొని, రేకు ముక్క మీద అంటించి క్లియర్ కొట్టి చూడటం ఉత్తమం.

క్లియర్ మొదటి రెండు పూతలు పలుచగా, 15 నిమిషాల ఎడంతో వేయమని పెయింటరుకు చెప్పండి. మొదటిదే తడిగా కొడితే ద్రావకం వినైల్‌ను ముడుచుకునేలా చేస్తుంది. ఒక పూత 20, 25 మైక్రాన్లకు మించదు కాబట్టి 50 మైక్రాన్ల అంచును మునగదీయడానికి కనీసం మూడు పూతలు పడతాయి. ఒకటి రెండు రోజులు ఆరాక, 1000 వాటర్ పేపరుతో అంచు మెట్టును మాత్రమే చదును చేసి, మళ్లీ రెండు పూతలు. ఆఖరి పూత కూడా ఆరాక 1500, 2000, తర్వాత కాంపౌండ్. చదును చేసేటప్పుడు నీళ్లలో స్టిక్కరు రంగు కనపడితే ఆపేయండి, క్లియర్ దాటి వినైల్‌లోకి దిగినట్టే.

రంగు మార్చాలనుకునేవారు ఒక సంగతి గమనించాలి. ఆర్.సి.లో రంగు రాసి ఉంటుంది. నలుపు బండిని ఎరుపు చేస్తే ఆర్.టి.ఎ.కు దరఖాస్తు పెట్టి నమోదు చేయించుకోవాలి, లేకపోతే తనిఖీలోనో, అమ్మేటప్పుడు పేరు మార్పిడిలోనో ఆగుతుంది. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు 1985లో మొదలైన ఆర్ఎక్స్‌కు వర్తించవు. మీ ఇంట్లో 1960ల నాటి మైసూరు జావా ఉంటే ఆ నిబంధనలు చదివి, అసలు రూపం చెడకుండా చూసుకుని అప్పుడు చెయ్యి పెట్టండి.

పని పూర్తయ్యాక నెలపాటు వాక్సు, పాలిష్ వద్దు. ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచితే ఆవిరి బయటికి పోక క్లియర్ మసకబారుతుంది. పెట్రోలు మూత రబ్బరు మాత్రం పాతదే బిగించకండి. అది కారితే క్లియర్‌కు తగిలేది రోజూ పెట్రోలే. కొత్తది కొద్ది రూపాయలకే హైదరాబాద్ పుత్లీబౌలీలోనో, మీ ఊళ్లో స్పేర్ పార్టుల షాపులోనో దొరుకుతుంది.

ఇట్లు,
రంగుల పనిలో ఉన్న ఒక పాఠకుడు,
విజయవాడ