మన కామిక్స్ పాఠకుల సంఘం వార్షిక నివేదిక, 2024-25: విలన్ల బట్టలు, విలన్ల భోజనం

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడు సర్వసభ్య సమావేశంలో ఈ సంవత్సరానికి అంశం ఏది పెట్టుకుందామని అడిగినప్పుడు ఎక్కువ చేతులు విలన్లకే లేచాయి. హీరోల గురించి మాట్లాడుకున్నది చాలన్నారు. అయితే ఉత్త ‘విలన్లు’ అంటే అంతూ దరీ దొరకదు. అందుకని కార్యవర్గం కూర్చుని దాన్ని ఒక్క ప్రశ్నకు తెచ్చింది. విలన్ ఏ ఇంట్లో పుట్టాడు, ఎట్లా పెరిగాడు అన్నది అతని ఒంటిమీది బట్టలోనూ కంచంలోని తిండిలోనూ కనబడుతుందా? ఏడాదంతా దీని చుట్టే తిరిగాం. ఇంత చిన్న ప్రశ్న ఇంత దూరం తీసుకుపోతుందని మొదట్లో నాకు అనిపించలేదు.

నెలకోసారి, రెండో ఆదివారం సాయంత్రం కలిశాం. జూన్‌లో మాత్రం పిల్లల అడ్మిషన్ల టెన్షన్‌లో ఎవరికీ తీరిక లేక సమావేశం జరగలేదు. ఆగస్టులో మనం మాట్లాడుకున్న హాలువాళ్లు రెండు గంటల ముందు ఫోన్ చేసి, ఎవరిదో నిశ్చితార్థానికి ఇచ్చేశామన్నారు. అడ్వాన్సు వెనక్కి రావడానికి నెల పట్టింది. ఆ సాయంత్రం కోశాధికారి గారి మిద్దె మీద చాపలు పరిచి కూర్చున్నాం. ఏడాది మొత్తంలో బాగా జరిగిన సమావేశం అదే. అప్పటి నుంచి హాలు వెతకడం మానేశాం.

ఆ రోజు అంశం కింగ్‌పిన్ అనే నేరాల ముఠా నాయకుడు. 1967లో స్పైడర్‌మ్యాన్ 50వ సంచికలో స్టాన్ లీ, జాన్ రొమీటా ఇతన్ని పరిచయం చేశారు. అసలు పేరు విల్సన్ ఫిస్క్. న్యూయార్క్‌లో పేద ఇంట్లో పుట్టి, లావుగా ఉన్నాడని తోటిపిల్లల చేత ఏడిపించుకున్నవాడు. పెద్దవాడయ్యాక తెల్లకోటు, టైకి వజ్రపు పిన్ను, చేతిలో కర్ర. అంత లేమిలో పెరిగినవాడికి తెలుపే ఎందుకు కావాల్సి వచ్చింది? మన సభ్యుల్లో బట్టల అంగడి ఉన్న ఒక అన్న దీనికి చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. తెల్లబట్ట ఖరీదు కొన్న ధరలో ఉండదట, రోజూ దాన్ని తెల్లగా ఉంచుకోవడంలో ఉంటుందట. మట్టిలో పనిచేసేవాడు దాన్ని కట్టలేడు. కట్టినవాడు, మట్టిలోకి దిగడానికి తనకింద వేరే మనుషులున్నారని ఊరికి చెబుతున్నట్టు.

ఇదే ఫిస్క్‌ను 2015లో వచ్చిన డేర్‌డెవిల్ టీవీ సీరియల్ ఇంకా లోతుగా చూపించింది. పొద్దున లేస్తాడు, ఒక్కడే ఆమ్లెట్ వేసుకుంటాడు, ఒక్కడే తింటాడు, తండ్రి వాడిన కఫ్‌లింకులు తీసి చొక్కాకు పెట్టుకుంటాడు. ఆ తండ్రి తల్లిని కొడుతుంటే చూడలేక, చిన్నప్పుడే సుత్తితో అతన్ని చంపింది ఈ కొడుకే. చంపిన తండ్రి వస్తువును దినమూ చేతికి పెట్టుకుంటాడు. తర్వాత అతను ప్రేమించిన వెనెస్సా అతని జీవితంలోకి వచ్చి, అల్మారాలోంచి వేరే సూటు, వేరే కఫ్‌లింకులు తీసి ఇస్తుంది. ఒక్క డైలాగు లేకుండా మనిషి మారిన సంగతి బట్టలోనే తెలిసిపోయింది. ఈ భాగం గురించి ఆ రాత్రి పది దాకా మాట్లాడుకున్నాం. తండ్రితో మాటల్లేని ఒక తమ్ముడు మధ్యలో లేచి మిద్దె అంచుకు పోయి నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు, కాసేపటికి తనే వచ్చి కూర్చున్నాడు.

సెప్టెంబరులో డాక్టర్ డూమ్. 1962లో ఫెంటాస్టిక్ ఫోర్ అనే కామిక్స్ 5వ సంచికలో మొదట కనబడ్డాడు. అతని పుట్టుక కథ 1964 నాటి ప్రత్యేక సంచికలో ఉంది. లాట్వేరియా అనే కల్పిత దేశంలో రోమా సంచార కుటుంబం. తండ్రి మందులిచ్చే వైద్యుడు. పాలకుడి భార్యను బతికించలేకపోయాడని పరుగు పెట్టాల్సి వచ్చింది. మంచులో పసివాడికి తన బట్టలు కప్పి, తాను చలికి చనిపోయాడు. ఆ పిల్లవాడే పెరిగి ఇనుప కవచం తొడిగి, దానిమీద ఆకుపచ్చ అంగీ వేస్తాడు. కవచం ఉన్నవాడికి అంగీ దేనికి? చలి నుంచి కాపాడిన బట్టను అతను వదల్లేకపోయాడని మన కొందరు సభ్యుల అభిప్రాయం. కథలో ఎక్కడా అట్లా రాయలేదు, ఈ సంగతి కూడా నివేదికలో చెప్పాలి. నా మటుకు నేను మాత్రం ఇప్పుడు ఆ అంగీని వేరేగా చూడలేను.

బ్యాట్‌మ్యాన్ కథల్లోని విలన్ పెంగ్విన్ మీద చర్చ కొంచెం పలచగా సాగింది, కానీ గొడుగు సంగతి అందరికీ నచ్చింది. 1941లో వచ్చిన ఈ పాత్రకు తర్వాత రాసిన పుట్టుక కథ ప్రకారం, తండ్రి వానలో తడిసి న్యుమోనియాతో పోయాడు. భయపడిన తల్లి ఎండలో కూడా కొడుకు చేతికి గొడుగిచ్చి పంపేది. ఊరు నవ్వింది. ఆ గొడుగునే అతను తర్వాత ఆయుధం చేసుకున్నాడు. పొడుగు టోపీ, కోటు వేసుకుని ఐస్‌బర్గ్ లాంజ్ అనే క్లబ్బు పెట్టి, ఒకప్పుడు నవ్విన ఊరి పెద్దమనుషులనే కూర్చోబెట్టి భోజనం పెడతాడు. స్పైడర్‌మ్యాన్ కథల్లో 1964లో వచ్చిన వేటగాడు క్రేవెన్‌దీ ఇట్లాంటి బాధే. రష్యా విప్లవంలో ఆస్తి పోగొట్టుకున్న జమీందారీ కుటుంబం అతనిది. అధికారం పోయింది కాబట్టి సింహం మొహమున్న చొక్కా తొడిగి, అడవి మూలికల కషాయం తాగి బలం తెచ్చుకుంటాడు.

బ్యాట్‌మ్యాన్ శత్రువు జోకర్ దగ్గర మాత్రం మన ప్రశ్న తడబడింది. 1940లో వచ్చినప్పుడు అతనికి గతమే లేదు. 1951లో రసాయనాల తొట్టిలో పడ్డాడని ఒక కథ చెప్పింది, తర్వాతి కథలు వేర్వేరుగా చెప్పాయి. ఊదారంగు కోటు మాత్రం మారలేదు. 1978లో వచ్చిన ఒక కథలో చేపల మొహాలకు తన నవ్వు వచ్చేలా విషం కలిపి, ఆ చేపల మీద హక్కు రాసివ్వమని గుమాస్తాను బెదిరిస్తాడు. ఏ ఇల్లూ లేనివాడికి ఏ వంటా ఇష్టం ఉండదని, అందుకే అందరి కంచాల్లో తన వాటా అడుగుతున్నాడని ఒక అక్క అన్నారు. దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. వాదన తేలలేదు.

డిసెంబరు సమావేశం పూర్తిగా తిండికే పెట్టాం. ఉగ్గాని, బజ్జీలు, సంగటి, ఊరుబిండి, ఓళిగలు అన్నీ సభ్యులే ఇళ్ల నుంచి తెచ్చారు. పిల్లల కోసం సూపర్‌మ్యాన్ శత్రువు లెక్స్ లూథర్ కథ చెప్పాం. 1978లో వచ్చిన ఒక పిల్లల నిఘంటువులో ‘నలభై’ అనే మాట నేర్పడానికి అతను నలభై కేకులు దొంగిలించినట్టు రాశారు. 1986లో తిరగరాసిన కథలో ఇతను మురికివాడలో పెరిగి కోటీశ్వరుడైనవాడు. ఈ రెండూ కలిపి చెప్పేసరికి ఒక పాప, చిన్నప్పుడు పుట్టినరోజుకు కేకు కొనలేదేమో అంది. పెద్దవాళ్లకు తట్టలేదు ఆ మాట.

తర్వాత గెలాక్టస్. 1966లో వచ్చిన ఈ పాత్ర ఆకలికి గ్రహాలనే తింటుంది. తనకంటే ముందున్న విశ్వం నాశనమైతే అందులోంచి మిగిలిన ఒకే ఒక్క ప్రాణి. ఇతనికి రుచి అంటూ లేదు, తినకపోతే చస్తాడు, అంతే. అప్పుడు మన పెద్ద సభ్యులు ఒకాయన గంజి కరువు గురించి వాళ్లమ్మ చెప్పిన సంగతులు చెప్పారు. గంజి కేంద్రం ముందు సత్తుగిన్నె పట్టుకుని నిలబడిన వరస, తన వంతు రాకముందే అయిపోతుందేమోనని భయం, ముందున్నవాళ్ల మీద పుట్టే కోపం. ఆకలిగొన్నవాణ్ని విలన్ అనడానికి తనకు నోరు రాదన్నారు. బకాసురుడి సంగతి వేరనీ, బండెడు అన్నం ముందున్నా మనిషిని కూడా పంపమన్నాడనీ, అది ఆకలి కాదు అధికారమనీ విడమరిచారు. సంగటి ముద్ద చేతిలో ఉండగా విన్న మాటలివి. ఈ సంవత్సరం జరిగినవాటిలో నేను మనసారా దాచుకునేది ఇదే.

ఇంకో సంగతి, ఇది మనకు దగ్గరిది. అన్ని విలన్ల బట్టలూ వాళ్ల జీవితంలోంచి రావు, కొన్ని రాసేవాడి బద్ధకంలోంచి వస్తాయి. 1934లో అలెక్స్ రేమండ్ గీసిన ఫ్లాష్ గోర్డన్ అనే కామిక్స్‌లో మింగ్ అనే నియంత ఉన్నాడు. వేరే గ్రహం వాడని చెబుతూనే పేరు చైనా రాజవంశానిది పెట్టారు, సన్నటి వేలాడే మీసం, ఎత్తు కాలరు పెట్టారు. తూర్పు మనిషి కాబట్టి చెడ్డవాడు, ఇంక వేరే కథ అక్కర్లేదు. మన దగ్గరి పౌరాణిక బొమ్మల పుస్తకాల్లో కూడా అసురుడంటే నల్లరంగు, బండ మీసం చాలనుకున్నవి చాలా కనబడ్డాయి. ఫిబ్రవరిలో ఇవన్నీ గోడకు అంటించి చూస్తుంటే డిగ్రీ చదివే ఒక అమ్మాయి, మన రాయలసీమవాళ్లనీ ఇట్లానే చేశారు కదా సార్ అంది. సినిమాల్లో తెల్ల పంచె, గుబురు మీసం, కత్తి, మన యాస. ఎందుకు అట్లా అయ్యాడో ఒక్క సన్నివేశమైనా ఉండదు. హైదరాబాదులో హాస్టల్లో చేరినప్పుడు ఊరి పేరు చెప్పగానే బాంబులు తెచ్చావా అని అడిగారని చెప్పి ఏడ్చింది. ఫిస్క్‌కూ డూమ్‌కూ ఒక బాల్యం రాసిచ్చినవాళ్లున్నారు. మన సీమ విలన్‌కు అది కూడా రాయలేదు. దీని మీద సంఘం తరఫున ఏదైనా చేయాలని ఆ రోజే తీర్మానించాం.

ఆ తీర్మానం ప్రకారమే మార్చిలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు పోయి వచ్చాం. తోలుబొమ్మలకు పేరున్న ఊరు, అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పలచగా గీకి, చిల్లులు పొడిచి, రంగులద్దే పని దగ్గరగా చూశాం. రావణుడి బొమ్మను దీపం ముందు పెట్టినప్పుడు పిల్లలు ఒక్కసారిగా అరిచారు. పది తలలకూ కిరీటాలు, మెడనిండా హారాలు, నగల చిల్లుల్లోంచి వెలుగు. రాముడి బొమ్మకంటే ఏ మాత్రం తక్కువ పని లేదు. అతను బంగారు లంకకు రాజని బొమ్మ చేసినవాళ్లు మరిచిపోలేదు. సీత కథలో అతను చేసింది తప్పే, అయినా రాజు బట్టలు తీసేయలేదు.

కొన్ని పనులు జరగలేదు. విలన్ల బొమ్మల ప్రదర్శన పిల్లల ముందు పెడదామని ఒక విద్యాసంస్థను అడిగితే, చెడ్డవాళ్లను చూసి పిల్లలు చెడిపోతారని వద్దన్నారు. మూడుసార్లు తిరిగాం. గీసిన బొమ్మలన్నీ ఉపాధ్యక్షురాలి ఇంట్లో భద్రంగా ఉన్నాయి, చూడాలనుకున్నవాళ్లు వచ్చి చూడొచ్చు. పుస్తకాల అల్మారాకు చెదలు పట్టి కొన్ని పాత సంచికలు పోయాయి. ఇనుప బీరువా కొనాలి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదివి వినిపిస్తారు. చందా బాకీ ఉన్నవాళ్లు ఈ నెలాఖరులోపు కట్టగలరు.

సీమ విలన్‌కు ఒక బాల్యం రాసే పని మొదలైంది. కథ ముగ్గురు రాస్తున్నారు, బొమ్మలు డిగ్రీ అమ్మాయే గీస్తోంది. అతను పొద్దున ఏం తింటాడన్న దగ్గర ప్రస్తుతం ఆగింది, జొన్నరొట్టె అని ఇద్దరు, రాత్రి మిగిలిన సంగటిలో మజ్జిగ అని ఒకరు. వచ్చే రెండో ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు మిద్దె మీద ఆ ముక్క తేల్చుకుందాం. రాసిన పేజీలు చదివి వినిపిస్తారు, అందరూ రావాలి.

ఇట్లు,
కార్యదర్శి,
అనంతపురం