యూనివర్సిటీ ఉద్యోగులకు ఫ్లూ టీకా క్యాంపస్‌లోనే వేయించండి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఫ్లూ టీకా మాట ఎత్తితే చాలు, మా ఆఫీసులో "జలుబుక్కూడా సూదా?" అంటారొకరు, "కరోనాకు రెండు డోసులు పడ్డాయి కదా, ఇంకెందుకు" అంటారు ఇంకొకరు. పీహెచ్‌డీ చేసిన ప్రొఫెసర్ గారే, టీకా వేయించుకుంటే ఫ్లూ వస్తుందట కదా అని నన్నడిగారు. కరోనా టీకా ఫ్లూను ఆపదు, ఆ వైరస్ వేరు, ఈ వైరస్ వేరు. ఫ్లూ ఇంజెక్షన్‌లో బతికున్న వైరస్ ఉండదు, దాంతో ఫ్లూ రాదు. చేయి నొప్పి, ఒకట్రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం ఉంటే ఉండొచ్చు. మాలో చాలామందికి షుగర్ ఉంది, అలాంటివాళ్లకే ఫ్లూ ముదిరే ప్రమాదం ఎక్కువ.

2009 మే నెలలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది మన హైదరాబాద్‌లోనే. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారిగా ప్రకటించింది. అప్పుడు ఎక్కువగా సోకింది పిల్లలకూ పడుచువాళ్లకూ, అంటే మన హాస్టళ్లలో ఉండే వయసువాళ్లకు కూడా. 2015లో తెలంగాణలో మళ్లీ విజృంభించింది. రెండుసార్లూ మా ఆఫీసులో కొన్నాళ్లు మాస్కులు కనిపించాయి, తర్వాత అంతా మర్చిపోయాం.

అయితే తప్పంతా ఉద్యోగులదే అంటే నేనొప్పుకోను. మా సెక్షన్లో ఔట్‌సోర్సింగ్ మీద పనిచేసే ఒక తమ్ముడు పోయిన వానాకాలం 102 జ్వరంతో కౌంటర్లో కూర్చుని, వేలు నాలుకకు అద్దుకుంటూ ఒక్కో మార్కుల మెమో తీసి కిటికీలోంచి పిల్లలకు ఇచ్చాడు. ఇంటికెళ్లి పడుకో తమ్ముడూ అంటే "రెండ్రోజులు రాకపోతే రెండ్రోజుల జీతం కట్ సార్" అన్నాడు. వారం తిరగకుండా సెక్షన్లో నలుగురం మంచం పట్టాం. అతని మీద నాకు కోపం రాలేదు, ఆ జీతంలోంచి వెయ్యి రూపాయల పైన పెట్టి ప్రైవేటులో టీకా వేయించుకోమని ఏ ముఖంతో చెప్పను?

రిజిస్ట్రార్లకు నా విన్నపం ఒక్కటే. టీకా వేశాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి అడ్మిషన్ల రద్దీ, వానలు మొదలవకముందే క్యాంపస్ హెల్త్ సెంటర్‌లో క్యాంపు పెట్టండి. వైరస్ మారుతూ ఉంటుంది గనుక ఏటా పెట్టాలి. అటెండర్లు, మెస్ వంటవాళ్లు, స్వీపర్లు, సెక్యూరిటీవాళ్లు అందరికీ ఉచితంగా వేయించండి. జ్వరం వచ్చినవాళ్లకు పర్మనెంటా కాంట్రాక్టా అని చూడకుండా జీతంతో సెలవివ్వండి.

ఆ తమ్ముడికి టీకా సంగతి వివరంగా చెప్పాను. ఫ్రీగా వేస్తే రేపే వేయించుకుంటానన్నాడు.

- ఒక నాన్ టీచింగ్ ఉద్యోగి, హైదరాబాద్